1984 ఎన్.బి.ఏ. డ్రాఫ్టు

1984 ఎన్.బి.ఏ. డ్రాఫ్టు అనునది అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ (బుట్టబంతి) సంస్థ అయిన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌కు చెందిన జట్లు కొత్త ఆటగాళ్ళను ఎన్నుకొన్న కార్యక్రమం. ఇది 1984 జూన్ 19న న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగినది. పది విడతలలో మొత్తం 228 మంది ఆటగాళ్ళు ఎంపికయ్యారు. హకీమ్ ఒలాజువాన్, మైకేల్ జోర్డాన్, చార్లెస్ బార్‌క్లీ, జాన్ స్టాక్టన్ వంటి మేటి ఆటగాళ్ళు ఒకే సంవత్సరం లభించుట వలన దీనిని ఎన్.బి.ఏ. చరిత్రలోని ఉత్తమ డ్రాఫ్టులలో ఒకటిగా పరిగణిస్తారు. రెండవ ఎంపిక హక్కు గల పోర్ట్‌లాండ్ జట్టు, జోర్డాన్‌ను కాదని 7 అడుగుల 1 అంగుళం ఎత్తు గల శామ్ బౌవీని ఎన్నుకొనుట వలన, ఆటగాని ఎంపికలో ఎత్తుకు ప్రాధాన్యమివ్వాలా, ప్రతిభకు ప్రాధాన్యమివ్వాలా అనే చర్చకు ఈ డ్రాఫ్టు ముఖ్య ఉదాహరణగా నిలిచినది.

డ్రాఫ్టు పద్ధతి

ప్రధానంగా కళాశాల స్థాయి నుండి వచ్చే ఆటగాళ్ళను జట్లు వరుస క్రమంలో ఒక్కొక్కరిగా ఎన్నుకొనే పద్ధతిని డ్రాఫ్టు అంటారు. జట్ల మధ్య సమతూకం ఉండవలెనన్న ఉద్దేశంతో, ముందటి సీజనులో ఎక్కువ ఓటములు పొందిన జట్లకు ముందుగా ఎన్నుకొనే అవకాశమిస్తారు. 1984 వరకు తూర్పు, పశ్చిమ విభాగాలలో చివరి స్థానం పొందిన రెండు జట్ల మధ్య నాణెం ఎగురవేసి మొదటి ఎంపిక ఎవరిదో తేల్చేవారు. మంచి ఆటగాని కోసం కొన్ని జట్లు కావాలనే ఓడిపోతున్నాయన్న ఆరోపణలు రావడంతో 1985 నుండి లాటరీ పద్ధతిని ప్రవేశపెట్టారు. కనుక నాణెం ద్వారా మొదటి స్థానం నిర్ణయించిన చివరి డ్రాఫ్టు ఇదే.

1984లో పశ్చిమ విభాగం నుండి హ్యూస్టన్ రాకెట్స్, తూర్పు విభాగం నుండి ఇండియానా పేసర్స్ చివరి స్థానాలలో ఉన్నాయి. ఐతే ఇండియానా జట్టు 1981లోనే టామ్ ఓవెన్స్ అనే 6 అడుగుల 10 అంగుళాల సెంటర్ ఆటగాని కోసం తన 1984 మొదటి విడత ఎంపిక హక్కును పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్‌కు ఇచ్చివేసినది. ఓవెన్స్ ఇండియానాకు ఆడినది ఒక్క సీజను మాత్రమే. ఆ విధంగా, 1983-84లో 48 ఆటలు గెలిచిన పోర్ట్‌లాండ్‌కు, సాధారణంగా బలహీనమైన జట్టుకు దక్కవలసిన స్థానం దక్కినది. నాణెం పందెంలో హ్యూస్టన్ గెలిచి మొదటి ఎంపికను, పోర్ట్‌లాండ్ రెండవ ఎంపికను పొందాయి.

ఎత్తుకు గల ప్రాధాన్యం

బాస్కెట్‌బాల్‌లో బుట్ట అంచు నేల నుండి 10 అడుగుల (3.05 మీటర్లు) ఎత్తులో ఉంటుంది. అందువలన పొడగరి ఆటగానికి బంతి వేయుట, ప్రత్యర్థి వేసిన బంతిని అడ్డుకొనుట, గురి తప్పి వెనుకకు వచ్చిన బంతిని అందుకొనుట సులభం. బుట్టకు సమీపంలో ఆడే ఇటువంటి ఆటగానిని సెంటర్ అంటారు. 1957 నుండి 1969 వరకు 11 సార్లు విజేతగా నిలిచిన బోస్టన్ సెల్టిక్స్ జట్టుకు బిల్ రస్సెల్ సెంటర్. తరువాతి కాలంలో విల్ట్ చాంబర్లేన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్‌లు కూడా తమ జట్లను విజేతలుగా నిలిపారు. పోర్ట్‌లాండ్ జట్టు సైతం 1974 డ్రాఫ్టులో మొదటి ఎంపికగా తీసుకొన్న బిల్ వాల్టన్ అనే సెంటర్ సాయంతోనే 1977లో ఛాంపియన్‌షిప్ సాధించినది.

దూరం నుండి వేసే బంతికి మూడు పాయింట్లు ఇచ్చే నియమం 1979-80లో వచ్చినప్పటికీ, 1983-84 నాటికి ఒక్కొక్క జట్టు ఆటకు సగటున మూడు సార్లు కూడా ఆ ప్రయత్నం చేసేది కాదు. ఆట అంతా బుట్ట చుట్టూ సాగే ఆ రోజులలో పొడవైన సెంటర్ లేని జట్టు విజేత కాలేదన్న నమ్మకం బలంగా ఉండేది. నైపుణ్యం నేర్పవచ్చును గాని ఎత్తు నేర్పలేము అన్నది బాస్కెట్‌బాల్ శిక్షకులలో వాడుకగా ఉన్న మాట.

ముఖ్యమైన ఎంపికలు

* 1వ ఎంపిక - హకీమ్ ఒలాజువాన్, 7 అడుగులు (213 సెం.మీ.), హ్యూస్టన్ రాకెట్స్
* 2వ ఎంపిక - శామ్ బౌవీ, 7 అడుగుల 1 అంగుళం (216 సెం.మీ.), పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్
* 3వ ఎంపిక - మైకేల్ జోర్డాన్, 6 అడుగుల 6 అంగుళాలు (198 సెం.మీ.), చికాగో బుల్స్
* 4వ ఎంపిక - శామ్ పెర్కిన్స్, 6 అడుగుల 9 అంగుళాలు (206 సెం.మీ.), డల్లాస్ మావెరిక్స్
* 5వ ఎంపిక - చార్లెస్ బార్‌క్లీ, నమోదైన ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు, ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్
* 16వ ఎంపిక - జాన్ స్టాక్టన్, 6 అడుగుల 1 అంగుళం (185 సెం.మీ.), యూటా జాజ్

ఒలాజువాన్ నైజీరియాలోని లాగోస్ నగరంలో జన్మించాడు. అప్పట్లో ఇతని పేరును అకీమ్ అని వ్రాసేవారు, 1991లో హకీమ్ అని మార్చుకొన్నాడు. బాల్యంలో ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడి, సుమారు 15 సంవత్సరాల వయసులో బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. ఆ ఆటల వలన అలవడిన కాళ్ళ చురుకుదనమే ఇతనిని మిగిలిన పొడగరుల నుండి వేరు చేసినదని చెబుతారు. హ్యూస్టన్ వద్ద అప్పటికే 1983 డ్రాఫ్టులో మొదటి ఎంపికగా తీసుకొన్న 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉన్నప్పటికీ, ఆ జట్టు ఇతనినే ఎన్నుకొన్నది.

పోర్ట్‌లాండ్ నిర్ణయం

పోర్ట్‌లాండ్‌కు గార్డు స్థానంలో ఆల్ స్టార్ ఆటగాడైన జిమ్ పాక్సన్, 1983 డ్రాఫ్టులో లభించిన క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నారు. జోర్డాన్ ఆడేది కూడా అదే స్థానంలో. మరొకవైపు, డ్రాఫ్టుకు కొద్ది రోజుల ముందు కికి వాండెవే అనే ఆటగాని కోసం జరిపిన మార్పిడిలో పోర్ట్‌లాండ్ తన సెంటర్లలో ఒకడైన వేన్ కూపర్‌ను వదులుకొన్నది. కాబట్టి జట్టు అవసరం సెంటర్ అని యాజమాన్యం భావించినది.

కెంటకీ విశ్వవిద్యాలయానికి ఆడిన బౌవీ పొడవుతో పాటు బంతిని చక్కగా అందించగల నేర్పు కలవాడు. అయితే ఎడమ మోకాలి కింది ఎముకలో ఏర్పడిన పగులు వలన 1981-82, 1982-83 సీజన్లు పూర్తిగా ఆడలేకపోయాడు. పోర్ట్‌లాండ్ వైద్యులు ఇతనిని సుదీర్ఘంగా పరీక్షించిన తరువాతనే ఎంపిక జరిగినది. 2012లో ప్రసారమైన ఒక డాక్యుమెంటరీ చిత్రంలో, ఆ పరీక్షలో కాలిపై తట్టినప్పుడు నొప్పి ఉన్నా లేదని చెప్పినట్లు బౌవీ స్వయంగా వెల్లడించాడు.

జోర్డాన్ ప్రతిభ అప్పటికి అజ్ఞాతమేమీ కాదు. అతడు 1984లో కళాశాల స్థాయి ఉత్తమ ఆటగానిగా నైస్మిత్ పురస్కారం పొందాడు. ఐనప్పటికీ అతనిని ఎన్నుకొన్న చికాగో జట్టు జనరల్ మేనేజర్ రాడ్ థార్న్ కూడా, జోర్డాన్ 7 అడుగులు ఉండి ఉంటే బాగుండేదని, ఎంపిక చేయుటకు సెంటర్ ఎవరూ మిగలలేదని ఆనాడు వ్యాఖ్యానించాడు. ఎత్తుపై మక్కువ ఒక్క పోర్ట్‌లాండ్‌కే పరిమితం కాదని దీనిని బట్టి తెలియుచున్నది.

తరువాతి పరిణామాలు

మొదటి సంవత్సరం ఈ నిర్ణయం పొరపాటుగా కనిపించలేదు. బౌవీ 1984-85లో 76 ఆటలు ఆడి సగటున 10 పాయింట్లు సాధించాడు. మొదటి ఐదు ఎంపికలైన ఆటగాళ్ళందరూ ఆ యేటి ఉత్తమ నూతన ఆటగాళ్ళ జట్టులో స్థానం పొందారు. ఆ తరువాత కాలి ఎముకలు పదేపదే విరుగుటతో బౌవీ 1987-88 సీజను మొత్తం ఆటకు దూరమయ్యాడు. పోర్ట్‌లాండ్ తరఫున ఐదేళ్ళలో ఆడినవి 139 ఆటలు మాత్రమే. 1989లో అతనిని న్యూజెర్సీ నెట్స్‌కు ఇచ్చి బక్ విలియమ్స్‌ను తీసుకొన్నారు. విలియమ్స్, డ్రెక్స్‌లర్‌లతో కూడిన పోర్ట్‌లాండ్ 1990, 1992 సంవత్సరాలలో ఫైనల్ చేరి ఓడిపోయినది. 1992లో వారిని ఓడించినది జోర్డాన్ ఆడుతున్న చికాగో జట్టే. బౌవీ మొత్తం పది సీజన్లు ఆడి 1995లో విరమించాడు.

జోర్డాన్ చికాగోకు ఆరు ఛాంపియన్‌షిప్‌లు (1991-93, 1996-98) సాధించిపెట్టాడు. ఐదు సార్లు లీగు ఉత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యాడు. ఒలాజువాన్ 1994, 1995లలో హ్యూస్టన్‌ను విజేతగా నిలిపాడు. ఇతడు సాధించిన 3,830 బ్లాకులు లీగు రికార్డు. బార్‌క్లీ తన నమోదైన ఎత్తు కంటే పొట్టివాడని చెప్పబడినప్పటికీ 1986-87లో రీబౌండ్లలో లీగులోనే ప్రథముడయ్యాడు. స్టాక్టన్ 19 సీజన్లు యూటాకే ఆడి 15,806 అసిస్టులతో రికార్డు నెలకొల్పాడు.

విశ్లేషణ

ఈ డ్రాఫ్టును ఎత్తుపై ప్రతిభ సాధించిన విజయంగా చెప్పుట పరిపాటి. కాని మొదటి ఎంపిక కూడా 7 అడుగుల సెంటరే అన్న విషయం గమనించదగినది. జోర్డాన్‌ను వదలినందుకు హ్యూస్టన్‌ను విమర్శించేవారు అరుదు. ఒలాజువాన్‌లో ఎత్తు, ప్రతిభ, ఆరోగ్యం మూడూ కలిసి ఉన్నాయి. బౌవీలో మొదటి రెండూ ఉన్నా మూడవదానిపై సందేహం ఉన్నది. ఎత్తు కంటికి కనిపించేది, కొలవగలిగేది. ఎముకల పటుత్వం, పట్టుదల, నేర్చుకొనే శక్తి అంత సులభంగా కొలతకు అందవు. కొలవగలిగినదానికి అధిక విలువ కట్టుట, అందుబాటులో ఉన్న మేటి ఆటగానికంటే జట్టులోని ఖాళీకి ప్రాధాన్యమిచ్చుట అనేవి పోర్ట్‌లాండ్ నిర్ణయంలోని రెండు లోపాలుగా పేర్కొనవచ్చును.

తరువాతి డ్రాఫ్టులలో ఇదే సమస్య

2007 డ్రాఫ్టులో మొదటి ఎంపిక పొందిన పోర్ట్‌లాండ్, కెవిన్ డురాంట్‌ను కాదని 7 అడుగుల సెంటర్ గ్రెగ్ ఓడెన్‌ను తీసుకొన్నది. మోకాలి గాయాల వలన ఓడెన్ ఆ జట్టుకు 82 ఆటలు మాత్రమే ఆడగలిగాడు. 2009లో మెంఫిస్ జట్టు రెండవ ఎంపికగా 7 అడుగుల 3 అంగుళాల హషీమ్ థాబీట్‌ను తీసుకొనగా, జేమ్స్ హార్డెన్ మూడవ, స్టెఫెన్ కరీ ఏడవ స్థానంలో ఎంపికయ్యారు. దీనికి విరుద్ధంగా, 1996లో 6 అడుగుల అలెన్ ఐవర్సన్ మొదటి ఎంపిక అయ్యాడు. 1987లో 12వ ఎంపికైన మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు మాత్రమే. అతడు 14 సీజన్లు ఆడాడు.

పొడగరిలోని ప్రతిభను గుర్తించలేకపోయిన సందర్భమూ కలదు. సెర్బియాకు చెందిన 6 అడుగుల 11 అంగుళాల నికోలా యోకిచ్ 2014లో 41వ స్థానంలో ఎంపికై, 2021, 2022, 2024లలో ఉత్తమ ఆటగాడుగా నిలిచాడు. మూడు పాయింట్ల ప్రయత్నాలు ఆటకు 35 దాటిన 2020 దశకంలో, దూరం నుండి బంతి వేయగల, బంతిని నడిపించగల పొడగరికి విలువ పెరిగినది. 2023లో మొదటి ఎంపికైన విక్టర్ వెంబన్యామా ఇందుకు ఉదాహరణ. 2019-20 నుండి ఆటగాళ్ళ ఎత్తును బూట్లు లేకుండా కొలిచి ధ్రువీకరించవలెనని లీగు నియమం విధించినది.

భారతదేశంలో పుట్టి ఎన్.బి.ఏ. డ్రాఫ్టులో ఎంపికైన మొదటి ఆటగాడు పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్. 7 అడుగుల 2 అంగుళాల ఇతనిని 2015లో డల్లాస్ జట్టు 52వ స్థానంలో ఎన్నుకొన్నది. దిగువ స్థాయి లీగులో ఆడినప్పటికీ, ఎన్.బి.ఏ. సీజనులో ఒక్క ఆట ఆడే అవకాశం కూడా ఇతనికి రాలేదు.

ఇవి కూడా చూడండి

* బాస్కెట్‌బాల్
* మైకేల్ జోర్డాన్
* నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్