పొట్టి తుపాకులు, దగ్గరి గురి

మన్యం పోరాటం గురించి చెప్పుకునే కథల్లో ఒక పొరపాటు దొర్లుతూ వస్తోంది. మన పెద్దలు ఈ కొండ మీద నిలబడి ఆ కొండ మీది దొరను కొట్టారంటాం. వేట తెలిసిన ఇళ్లలో పుట్టినవాళ్లం, ఆ మాట ఎలా నమ్మామో!

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఈ మూడు పోలీసు స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు, గాము గంటందొర, మల్లుదొర, వారి వెంట నడిచిన మనవాళ్లు తెచ్చుకున్నవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. లెక్క వేస్తే తుపాకీకి నూరు కూడా రావు. రాతల్లో వీటిని కార్బైన్లు అన్నారు. కార్బైన్ అంటే గొట్టం పొట్టిగా ఉండే తుపాకీ. గుర్రం మీద పోయేవాడికి పొడవు తుపాకీ అడ్డం వస్తుందని చేసినది. పొదల్లో తిరిగేవాడికీ అదే సుఖం.

సుఖం అంతవరకే. గొట్టం పొట్టిదైతే మందు మండి పుట్టిన గ్యాసు గుండును తోసే దూరం తగ్గుతుంది, గుండు వేగం పడిపోతుంది. పాత మార్టినీ-హెన్రీ రైఫిలు గొట్టం 33 అంగుళాలు, దాని కార్బైనుది 21. భుజానికి దెబ్బ తగ్గాలని కార్బైను తూటాలో మందు కూడా 85 గ్రెయిన్ల నుంచి 70కి తగ్గించారు. 200 మీటర్లు పోవడానికి గుండుకు అర సెకను పడితే, ఆలోపు అది నాలుగు అడుగులు కిందికి జారుతుంది. గురి సంగతి మరీ కష్టం. ముందు గురికీ వెనుక గురికీ మధ్య 60 సెంటీమీటర్లు ఉన్న తుపాకీలో ఒక మిల్లీమీటరు తప్పితే, వంద మీటర్ల దగ్గర గుండు 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ మధ్య దూరం 40 అయితే తప్పు 25 అవుతుంది. అలా తగిలిన కణుజు పడదు. గాయంతో అడవిలో దూరి ఎక్కడో చస్తుంది. మాంసమూ దక్కదు, పాపం మిగులుతుంది.

అందుకే మన వేటగాళ్లు దూరాన్ని నమ్ముకోలేదు. గాలివాటు చూసి, నీళ్లకు వచ్చే దారి పట్టి, మంచె మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఇటుకల పండగ వేటలో ఉత్తచేతులతో వచ్చినవాణ్ణి ఆడవాళ్లు ఆటపట్టించేవారు కాబట్టి తొందరపడి పేల్చేవాడికి ఊళ్లో పరువు ఉండేది కాదు. (1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవి జంతువుల వేట నేరం. మేం చెబుతున్నది ఆనాటి విద్య గురించే.)

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్లో జరిగింది ఆ కాపు విద్యే. ముందు నడిచిన మనదేశపు పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కొట్టారు. పొట్టి తుపాకీకి అంతకంటే తగిన చోటు ఉండదు.

డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిపొలాల్లో లెక్క తిరగబడింది. బయలు నేల, ఎదుట లూయిస్ గన్. నిమిషానికి 500 గుండ్లకు పైగా కక్కే యంత్రం అది. మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ ధైర్యం తక్కువై కాదు, చాటు లేక.

ఈసారి దామనపల్లి ఘాట్ ఎక్కేటప్పుడు ఏదో ఒక మలుపులో ఆగండి. పొద నుంచి దారికి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టండి.