అలుగుపై గీతలు: కోనసముద్రం ఉక్కు, జావా క్రిస్ – గుర్తింపు, పరిరక్షణ

మంజీర తీరప్రాంతంలోని బీర్కూర్ 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు నిజామాబాదు జిల్లాలో భాగం. ఆ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు ప్రసిద్ధి. లాంబ్టన్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసే అక్కడి కొలుములను పరిశీలించాడు. ఆ ఉక్కును కొనడానికి ఇస్ఫహాన్ వర్తకుడు అక్కడికి వచ్చిన సంగతినీ నమోదు చేశాడు. ఆయన వ్యాసం మరణానంతరం, 1832లో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది.

ఉక్కు ఎగుమతి అయినా, దాన్ని తయారుచేసిన కమ్మరుల పేర్లు వెంట వెళ్లలేదు. విదేశాల్లో అది ‘డమాస్కస్’గా పేరుపొందింది. అందుచేత అలుగుపై కనిపించే గీతలే ముఖ్యమైన సాక్ష్యం. అయితే గీతలున్న ప్రతి కత్తీ మూస ఉక్కుతో చేసినది కాదు.

ఆగ్నేయాసియాకు చెందిన జావా క్రిస్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని గీతలను ‘పమోర్’ అంటారు. ఇనుమును, నికెల్ కలిసిన ఇనుమును పొరలుగా పేర్చి, కాల్చి, అతికేలా కొట్టి మడతపెట్టడం వల్ల అవి ఏర్పడతాయి. కోనసముద్రం పద్ధతి వేరు. మూసలో కర్బనంతో కలిసి కరిగిన ఇనుము మెల్లగా చల్లారుతుంది. ఆ ముద్దను మితమైన వేడిలో సాగగొట్టినప్పుడు కార్బైడు కణాలు వరుసలు కట్టి, అలల వంటి గీతలుగా తేలుతాయి. ఒకటి అతికిన పొరల ఫలితం, మరొకటి లోహం గడ్డకట్టిన తీరు ఫలితం. పిడి మారవచ్చు, ఒర మారవచ్చు. కనుక వాటి ఆధారంగా మాత్రమే అలుగు పుట్టుకను నిర్ధారించరాదు.

పరిరక్షణలోనూ ఈ భేదం కీలకం. ఎర్రగా కాల్చితే మూస ఉక్కులోని కార్బైడులు కరిగి గీతలు చెరిగిపోవచ్చు. సానరాయితో గట్టిగా అరగదీస్తే బంగారు పొదుగుపని, శాసనాక్షరాలు నశిస్తాయి. ముందుగా ఛాయాచిత్రాలు తీసి, కొలతలు నమోదుచేసి, క్రియాశీలమైన తుప్పును మాత్రమే తొలగించడం, తేమ తగలకుండా పలుచని నూనెపూత వేయడం ఉత్తమం. జావాలో నిమ్మరసం, ఆర్సెనిక్‌తో క్రిస్‌ను కడిగే ఆచారం ఉంది. ఆర్సెనిక్ విషం కాబట్టి ఇంట్లో దాన్ని అనుకరించరాదు.

2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం ఉత్తర తెలంగాణలో లోహ పరిశ్రమ అవశేషాలపై క్షేత్ర పరిశీలన చేపట్టాయి. చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు ఊళ్లలో మిగిలి ఉన్నాయి, అలుగులు సంగ్రహాలయాల్లో ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చదివితేనే ఆ కమ్మరుల చరిత్ర పూర్తవుతుంది. తొందరపాటుతో మెరుగుపెట్టిన ప్రతి కత్తితో ఆ చరిత్రలోని ఒక పుట చిరిగిపోతుంది.