బొమ్మ కట్టిన బట్ట



మీ యింట్లో పదేళ్ళు దాటిన ఆడపిల్ల వుంటే నేను చెప్పబోయే బొమ్మలు మీరు చూసే వుంటారు. లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో పెన్సిలుతో గీసిన అమ్మాయి. ముఖంలో సగం కళ్ళే. ముక్కు వుందా లేదా అన్నట్టు చిన్న గీత. జపానువాళ్ళు తమ బొమ్మల కథలను మాంగా అంటారు, యిది ఆ పద్ధతి. మా అమ్మాయికి రాత్రీ పగలూ యిదే పని. పరీక్షలు పెట్టుకుని యివేం పిచ్చిగీతలే అని నేనూ కసిరినదాన్నే.

ఒకనాడు పెద్ద కాగితం మీద పదిమంది పిల్లల్ని గీసి తెచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో దేశమట. "ముఖాలన్నీ ఒకటేగా, ఎవరిది ఏ దేశమో యెలా తెలుస్తుందే?" అన్నాను. "బట్టలు చూడమ్మా" అంది.

నిజమే సుమండీ. అందరికీ అవే కళ్ళు పెట్టాక, ఆ పిల్ల ఎవరు, ఏ వూరు, పెళ్ళయిందా లేదా అన్నది చెప్పే భారమంతా బట్ట మీదే పడుతుంది. ఆ బట్ట తప్పు గీశామా, మనిషే మారిపోతుంది. మా అమ్మాయి వేసిన జపాను పిల్లనే చూడండి. చేతిలో పూలకొమ్మ, ముఖాన నవ్వు. కానీ కిమోనో ముందర రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి వస్తాయి గదా, అక్కడ ఎడమవైపు అంచే పైన వుండాలి. ఆడైనా మగైనా అంతే. 719లో రాజశాసనమే వచ్చింది దాని గురించి. కుడి అంచు పైకి వచ్చేటట్టు కట్టేది శవానికి. పాపం, మా పిల్ల ఆ నవ్వే అమ్మాయికి శవానికి కట్టినట్టు కట్టేసింది! లైబ్రరీ పుస్తకంలో చదివి చెబితే గబగబా చెరిపింది.

అప్పటినుంచి నాకూ పట్టుకుంది. ఈ బొమ్మలు గీసేవాళ్ళు బట్టల సంగతి యెలా తెలుసుకున్నారా అని వెతికాను.

ఈ పెద్దకళ్ళకు మూలపురుషుల్లో ఒకరు నకహారా జునిచి అనే ఆయన. బొమ్మలు చేసేవాడు, బట్టలు రూపకల్పన చేసేవాడు కూడా. యుద్ధం ముగిసి, గుడ్డముక్కకి కరువుగా వున్న 1946లో ఆడవాళ్ళకొక పత్రిక, 1947లో ఆడపిల్లలకొక పత్రిక పెట్టాడు. అందమైన బొమ్మలతోపాటు బట్టలు కుట్టుకునే పద్ధతులూ యిచ్చేవాడు. తర్వాత తెజుకా ఒసాము వచ్చాడు. ఆయన పెరిగిన తకరాజుకా వూళ్ళో అందరూ ఆడవాళ్ళే వేషాలు కట్టే నాటకశాల ప్రసిద్ధి. 1953లో మొదలుపెట్టిన కథలో మగవేషం వేసుకున్న రాజకుమారిని గీశాడు. అందులో వున్నవి అచ్చం నాటకాల బట్టలు. ఆ యూరపు ఏ మ్యాపులోనూ దొరకదు.

1972లో ఇకెదా రియోకో అనే యువతి ఫ్రెంచి విప్లవం కథ మొదలెట్టింది, 'వెర్సాయ్ గులాబి' అని. రాణి మేరీ ఆంత్వానెత్ గౌనుల కుచ్చులన్నీ విరగబడి గీసింది. జపాను ఆడపిల్లలు ఆ కథ కోసం వారం వారం ఎదురుచూశారట. అయితే అందులో సైనికుడి వేషంలో వుండే కథానాయిక ఆస్కార్ వేసుకున్న యూనిఫారం తర్వాతి కాలపు నెపోలియను నాటిదాన్ని పోలి వుంటుంది. కథ బాగుంది కాబట్టి క్షమించవచ్చు. నేను క్షమించాను.

నాకు ఎక్కువగా నచ్చింది మాత్రం వకీ యమాతో 1975లో మొదలుపెట్టిన కథ. నూరేళ్ళ కిందటి తోక్యోలో సైకిలెక్కి తిరిగే చదువుకున్న పిల్ల. పైన కిమోనో, దానిమీద కుచ్చుల లంగాలాంటి హకామా, కాళ్ళకు బూట్లు. ఈ హకామాకి పెద్ద కథే వుంది. కిమోనోతో బడికి వెళ్ళి కుర్చీలో కూర్చుంటే అంచులు విచ్చుకుంటాయి. పరిగెత్తడానికి లేదు. నడుముకి ఓబి బిగింపు సరేసరి. కొందరు ఆడపిల్లలు మగవాళ్ళ హకామా తొడుక్కుంటే పత్రికలు యెగతాళి చేశాయి. 1885లో పెద్దింటి ఆడపిల్లల కోసం బడి పెట్టినప్పుడు, అక్కడి ఉపాధ్యాయిని షిమోదా ఉతాకో మధ్యలో కాళ్ళకు విడి లేకుండా లంగా మాదిరి హకామా తయారుచేయించింది, ముదురు ఎరుపు రంగులో. అది బడిబడికీ పాకింది. ఒక్క గుడ్డతో పిల్లలకి పరుగూ వచ్చింది, పరువూ నిలబడింది. 1920లలో సెయిలరు యూనిఫారాలు వచ్చి దాన్ని తోసేశాయి. అయినా కాలేజీ పట్టా పుచ్చుకునే రోజున అక్కడి అమ్మాయిలు యిప్పటికీ హకామా కట్టుకుంటారు.

యింకొకటి చెప్పాలి. కోనో ఫుమియో 1968లో హిరోషిమాలో పుట్టింది, యుద్ధం ఎరగదు. 2007లో యుద్ధకాలపు యిల్లాలి కథ గీసింది. అందులో సుజు అనే కొత్తకోడలు తన కిమోనోని విప్పి, కత్తిరించి, పనికి తొడుక్కునే మోంపే పైజామా కుట్టుకుంటుంది. కత్తిరింపులన్నీ వరసగా చూపించింది, మన కుట్టుపాఠంలాగే. కిమోనో అంతా తిన్నటి పట్టీలే గదా, కుట్లు విప్పితే మళ్ళీ గుడ్డే. అయినా ఆ కత్తెర పడ్డ చోట నా ప్రాణం వుసూరుమంది. పెళ్ళిచీర కత్తిరించడమంటే మీకూ తెలుసు.

2008 నుంచి మోరి కవోరు రాస్తున్నది మధ్య ఆసియా పెళ్ళికూతుళ్ళ కథ. 19వ శతాబ్దం. పెళ్ళికూతురు అమీర్‌కి యిరవై, పెళ్ళికొడుక్కి పన్నెండు! అమీర్ తొడుక్కున్న అంగీ మీద, తలగుడ్డ మీద, తివాచీ మీద ప్రతి కుట్టూ గీసిందావిడ. ఒకచోట నానమ్మ పాత గుడ్డలు తీసి, యిది ఫలానా ఆవిడ కుట్టింది, యిది ఆవిడ అత్తగారిది అని యింట్లోని చిన్నపిల్లకి చూపిస్తుంది.

ఆ పేజీలు చూసిన రాత్రే మా అమ్మాయి అడిగింది, "మీ నానమ్మ చీర యెలా కట్టేదమ్మా? గీస్తాను" అని.

గోచీకట్టు అని చెప్పాను. "గోచీ ఎటునుంచి యెటు? కుచ్చిళ్ళు ముందా తర్వాతా? కొంగు ఎంత మిగులుతుంది?" నా దగ్గర జవాబు లేదండీ. పధ్నాలుగేళ్ళు ఆవిడ పక్కన పడుకున్నాను. ఆవిడ చీర కట్టుకోవడం రోజూ చూశాను. చూశాననే అనుకున్నాను. తొమ్మిది గజాల చీర ఒకటి పెట్టెలో వుంది, తీసి రెండుసార్లు ప్రయత్నించి చతికిలబడ్డాను.

సంక్రాంతికి మా మేనత్త దగ్గరికి వెళ్ళాం. ఎనభైయొక్కేళ్ళు, కళ్ళు సరిగా ఆనవు. చీర చేతికిస్తే అంచు తడిమి చూసుకుని, మా అమ్మాయి చుడీదారు మీదే కట్టడం మొదలెట్టింది. "కదలకే పిల్లా" అంటూ కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. మూడోసారి మా అమ్మాయి కాగితం నా చేతిలో పెట్టి, "నువ్వు గీయమ్మా, నేను నించోవాలిగా" అంది. నా గీతలు వంకర. అయినా గోచీ ఎక్కడ దోపాలో, ఏ చేత్తో పట్టుకోవాలో అంకెలు వేసి రాసుకొచ్చాను. బొమ్మ యింకా పూర్తికాలేదు. ముఖానికి మాత్రం అవే పెద్ద కళ్ళు పెట్టింది, మా నానమ్మవి చాలా చిన్న కళ్ళు అని చెప్పినా వినలేదు.