దోమల లెక్క, మనుషుల లెక్క

విజ్ఞానశాస్త్ర చరిత్రను మహాపురుషుల జీవితచరిత్రగా చెప్పడం మన పాఠ్యపుస్తకాలకు అలవాటు. దోమల విషయంలోనూ అదే జరిగింది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రహస్యాన్ని ఛేదించాడు. అంతటితో కథ ముగిసింది. విద్యార్థి తేదీని కంఠస్థం చేస్తాడు, ఉపాధ్యాయుడు మార్కులు వేస్తాడు. కాని రహస్యం తెలిసి నూట పాతికేళ్లు దాటిన తర్వాత కూడా మన నగరాల్లో చలిజ్వరం, డెంగీ, బోదకాలు ఎందుకు మిగిలివున్నాయో ఆ కథ చెప్పదు. ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే సూక్ష్మదర్శినిని దాటి, నగరపు బావుల దగ్గరికి, నీళ్ల తొట్ల దగ్గరికి, కూలీల గుడిసెల దగ్గరికి రావాలి.

రాస్ సాధించినదాన్ని తక్కువచేసి చూపవలసిన అవసరం లేదు. బేగంపేట సైనిక ఆస్పత్రిలో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకొన్నాడు. ఆ మచ్చరెక్కల దోమను కోసి, దాని కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలను చూశాడు. మరుసటి ఏడు కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో, పక్షుల మలేరియాలో ఆ క్రిమి సంచారాన్ని చివరిదాకా నిరూపించాడు. మనుషుల మలేరియాలో అదే పనిని ఇటలీలో గ్రాసీ బృందం పూర్తిచేసింది. 1902లో రాసుకు నోబెల్ బహుమతి వచ్చింది. అణాలు పుచ్చుకొన్నవాడు చరిత్రకు ఒక పేరుగా మాత్రమే మిగిలాడు.

అయితే ఏ జాతి దోమ రోగాన్ని మోస్తుందో తెలిసినంత మాత్రాన, అది ఏ వీధిలో ఏ నీటిలో ఎన్ని గుడ్లు పెడుతోందో తెలియదు. ఈ సంగతి రాసుకే బాగా తెలుసు. దోమలను చివరి ఒక్కదాని వరకూ చంపనక్కరలేదనీ, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలు, వ్యాధి తనంతట తాను సన్నగిల్లిపోతుందనీ 1908 నాటి మారిషస్ నివేదికలో గణితం వేసి చూపాడు. అంటే దోమల నివారణకు పునాది విషం కాదు, లెక్క.

ఈ లెక్కను వలసపాలకులు ఏంచేశారు? పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్ నగరంలో 1899లోనూ, తర్వాతా రాస్ దోమలు పుట్టే గుంటలను వెదికించాడు, పూడ్చమన్నాడు. ప్రభుత్వం మరొక దారి ఎంచుకొంది. ఆఫ్రికన్ పిల్లల రక్తంలో మలేరియా క్రిమి ఉంది గనుక తెల్లవారు వారికి దూరంగా ఉండాలన్న సలహా దానికి నచ్చింది. 1904లో కొండమీద యూరోపియన్లకు ప్రత్యేకంగా పేట కట్టారు, దానికి రైలుమార్గం వేశారు. గుంటలు కింద నగరంలోనే ఉన్నాయి. విజ్ఞానం ఒకటే, దాన్నుంచి ఒకడు గుంట పూడ్చే పార తీశాడు, మరొకడు వేరుపేట గోడ కట్టాడు. శాస్త్రసత్యం తనంతట తాను ప్రజల పక్షాన నిలబడదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన దేశంలో బొంబాయి కథ మరింత బోధప్రదం. ఆ శతాబ్దపు తొలి దశకంలో అక్కడ మలేరియా విజృంభించినప్పుడు, రోగాన్ని మోస్తున్నది స్టిఫెన్సీ అనే అనాఫిలిస్ జాతి అని లిస్టన్ గుర్తించాడు. తర్వాత బెంట్లీ నగరమంతా గాలించి 1911లో తన నివేదిక ప్రకటించాడు. మలేరియా చిత్తడినేలల జబ్బనీ, పల్లెల జబ్బనీ అందరూ అనుకొంటున్న కాలమది. బెంట్లీ చూపినది వేరు: ఈ దోమ మురుగులో కాదు, మంచినీటిలో పుడుతుంది. పెద్దల మేడల ఆవరణల్లోని బావులు, తొట్లు, ట్యాంకులు దాని పుట్టిళ్లు.

బావులకు మూతలు బిగించమని సలహా వచ్చింది. వెంటనే అభ్యంతరాలూ వచ్చాయి. కొందరికి బావినీరు పూజకు కావాలి, మూసిన బావి అపవిత్రం. ఈ భావాలను ఎగతాళి చేయనక్కరలేదు. నీటిని పవిత్రంగా చూసుకోవడం తప్పుకాదు. కాని మతం మాటున మరొకటి కూడా ఉంది. బావి ఆస్తి, మూత ఖర్చు. పన్ను కట్టేవారికే వోటున్న ఆనాటి కార్పొరేషనులో ఇంటి యజమానుల మాట బలమైనది. 1928లో కోవెల్ మళ్ళీ బొంబాయి మలేరియాను పరిశీలించి, దాదాపు అవే బావులను, అవే ట్యాంకులను వేలెత్తి చూపవలసి వచ్చింది. ఆ తర్వాత మూతల నిబంధనలను పట్టుదలతో అమలుపరచినప్పుడు జ్వరం నిజంగానే తగ్గింది. పరిశోధన విఫలం కాలేదు; పదిహేడేళ్లు బీరువాలో ఉంది.

బెంట్లీ మరొక సంగతినీ గమనించాడు. రేవుల నిర్మాణం వంటి పెద్ద పనులు సాగినప్పుడల్లా జ్వరం రేగేది. అంతకుముందే క్రిస్టఫర్సూ అతడూ కలిసి డువార్స్ తేయాకు తోటల్లో మలేరియాను పరిశీలించారు. దూరదేశాలనుంచి కూలీలను తెచ్చి, అరకొర తిండితో, రోగులనూ కొత్తవారినీ ఒకేచోట కుక్కితే దోమకు పండగే. ఈ పరిస్థితిని వారు మలేరియాలోని 'మానవ కారణం' అన్నారు. సామ్రాజ్య సేవలోని ఈ వైద్యాధికారులు విప్లవకారులు కారు. అయినా నిజాయితీగా లెక్కపెట్టినందువల్ల దోమ వెనుక నిలబడిన గుత్తేదారు వారికి కనిపించాడు.

స్వాతంత్ర్యానంతరం డీడీటీ యుగం వచ్చింది. 1953కు ముందు ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకేదనీ, ఎనిమిది లక్షలమంది చనిపోయేవారనీ అంచనా. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగింది. ఇది ఘనవిజయమే. కాని గెలుపు మత్తులో లెక్కపెట్టే పని వెనకబడింది. మందు చల్లడమంతా పల్లెల్లో సాగింది. నగరాల భారాన్ని బక్కచిక్కిన మునిసిపాలిటీలకు వదిలేశారు. దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, నిధులూ సరఫరాలూ సన్నగిల్లాయి, పట్టణాల్లో నిలిచిన జ్వరం మళ్ళీ వ్యాపించింది. 1971లో పట్టణ మలేరియా పథకం మొదలైనా, 1976 నాటికి రోగుల సంఖ్య 64 లక్షలు దాటింది.

అదే కాలంలో లెక్కను మరింత లోతుకు తీసుకుపోయినవారు సోవియట్ శాస్త్రజ్ఞులు. దోమ అండాశయాన్ని పరీక్షించి అది ఎన్నిసార్లు గుడ్లు పెట్టిందో, అంటే దాని వయస్సెంతో చెప్పే పద్ధతిని పొలొవొదొవా కనుగొంది; దెతినొవా 1962లో దాన్ని ప్రపంచానికంతకూ వివరించింది. క్రిమి దోమలో ఎదగడానికి పది పన్నెండు రోజులు పడుతుంది గనుక ముసలి దోమే ప్రమాదకారి. వేయి దోమలున్న చోటికంటె వంద ముసలి దోమలున్న చోట ముప్పు ఎక్కువ కావచ్చు. కంటికి కనిపించే గుంపుకూ అసలు ప్రమాదానికీ తేడా ఉందని ఇది నేర్పింది.

నగరంలో దోమ అనేది ఒకటి కాదు. మురుగుకాల్వలో పుట్టి బోదకాలు తెచ్చే క్యూలెక్స్ వేరు. మేడమీది ట్యాంకులో పుట్టే స్టిఫెన్సీ వేరు. పగటిపూట కుట్టి డెంగీ తెచ్చే ఏడిస్ వేరు. ఈ ఏడిస్ ఇంట్లోని గాబు, గోలెం, కూలరు, పాతటైరు అంచులకు గుడ్లు అంటిస్తుంది. నీరెండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికివుంటాయి. సాయంత్రంపూట వీధిలో పొగయంత్రం తిప్పితే గోలెంలోని పిల్లపురుగుకు ఏమీ కాదు. పొగ జనానికి కనిపిస్తుంది గనుక అది నాయకులకు ఇష్టం. నూరిళ్లు తిరిగి, ఎన్ని పాత్రల్లో పురుగులున్నాయో రాసుకొచ్చే కార్మికుడి పని ఎవరికీ కనిపించదు. చాలాచోట్ల ఆ పనికి పర్మనెంటు ఉద్యోగం కూడా లేదు.

ఇక్కడ మనవాళ్లలోనే ఉన్న ఒక పొరపాటును ప్రస్తావించాలి. పేదరికం పోతే దోమలూ పోతాయి, అంతవరకూ ఈ సర్వేలన్నీ పైపూతలే అనేవారున్నారు. బొంబాయి చరిత్ర ఈ వాదాన్ని సమర్థించదు. అక్కడ దోమ పుట్టినది కలవారి బావిలో, మేడమీది ట్యాంకులో. దోమకు వర్గం లేదు. జ్వరంతో కూలిపోయే దినసరి సంపాదనకు ఉంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే పేటలో తల్లి నీళ్లు నిలవచేస్తుంది. అది ఆమె నిర్లక్ష్యం కాదు, నీటిపంపకం లోపం. తొట్లను లెక్కపెట్టకుండా ఈ మాట అంటే నినాదం, లెక్కపెట్టి అంటే రుజువు.

స్టిఫెన్సీ ఇప్పుడు ఓడరేవులు దాటి ఆఫ్రికాలో అడుగుపెట్టింది. 2012లో జిబూటీలో దాన్ని కనుగొన్నారు. ఆ ఏడు 27 కేసులున్న ఆ చిన్నదేశంలో 2020 నాటికి 73 వేలు దాటాయి. బొంబాయిలో వందేళ్ల కిందట నేర్చిన పాఠం ఈనాడు అక్కడి నగరాలకు ప్రాణావసరం.

కనుక ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఇందులో పని ఉంది. గుడ్డునుంచి రెక్కలదాకా ఏడిసుకు వారం పదిరోజులు చాలు. వారానికొకసారి ఒక పేట తిరిగి తొట్లు చూసి, ఎన్ని ఇళ్లలో పురుగులున్నాయో, ఆ ఇళ్లకు ఎన్నాళ్లకొకసారి నీరొస్తోందో పక్కపక్కనే రాయవచ్చు. ఆ రెండు వరసలను గోడమీద అంటించి, మునిసిపాలిటీ ముందుంచవచ్చు. దోమల లెక్కను మనుషుల లెక్కతో కలిపినప్పుడే రాస్ ప్రారంభించిన పని పూర్తవుతుంది.