ఎలగందుల సీమ పనితనమును, ప్రదర్శనశాలల యేర్పాటును

చొప్పదండి కరీంనగరమునకు ఉత్తరమున, గోదావరి రేవులకుఁ బోవు త్రోవమీఁద నున్నది. 1905 వ సంవత్సరమునకుఁ బూర్వ మీ సీమ నైజాము రాజ్యమున ఎలగందుల జిల్లాలోనిది. ఆ యేఁట ముఖ్యస్థానము కరీంనగరమునకు మాఱఁగా జిల్లాకును ఆ పేరే యేర్పడెను. ఇచ్చటి పల్లెలలోఁ జేనేఁతయు, కమ్మరమును, వడ్రంగమును, కంచరపనియు తరతరములుగా సాగినవి. చేసినవాఁడు తన సరకును వారపుటంగడికి మోసికొనిపోయి, కొనువాని యెదుటఁ గూర్చుండి యమ్ముకొనుచుండెను. అందుచేత నంగడిలోని వస్తువునకుఁ బేరు వ్రాసిన చీటితోఁ బని లేకుండెను. వస్తువును దూరమునకుఁ బంపి, చేసినవాఁడు లేనిచోట దానిని జూపఁదలఁచినప్పుడే చీటి, పట్టిక, తరగతి, తీర్పరి, టిక్కెట్టు అనునవి యన్నియుఁ గావలసివచ్చినవి. ప్రదర్శనశాలల చరిత్రయందు ముఖ్యముగా విచారింపవలసిన దీ యేర్పాటే. ఏలయనఁగాఁ బనివానికిఁ దన పనివలని ఫలము దక్కుటయు, దక్కకపోవుటయు దీనిమీఁదనే యాధారపడి యుండెను.

జనసమూహమును గూర్చి నడపు నేర్పు పాశ్చాత్యులవలననే వచ్చినదని తలఁచుట సరికాదు. ఆదిలాబాదు మండలమున కేస్లాపురమందు పుష్యమాసపు అమావాస్యకు గోండులలో మెస్రమువంశమువారు జరుపు నాగోబా జాతర యిందుకుఁ దార్కాణము. తిథి ముందుగనే నిర్ణీతము. పూజకు వలయు నీటిని మెస్రమువారు కాలినడకనే పోయి గోదావరిలోని హస్తినమడుగునుండి కలశముతోఁ గొనివత్తురు. కుండలు సిరికొండ కుమ్మరులయొద్దనే గ్రహింపవలయును. తిరిగివచ్చినవారు మఱ్ఱిచెట్ల క్రింద విడిది చేయుదురు. ఎంతమంది వచ్చినను వారి పొయ్యిలు ఇరువదిరెండే. వంతుల చొప్పున వండికొనవలసినదే. ఏ పని యెవరిదో, ఏ చోటెవరిదో వంశక్రమమునఁ దీర్చి పెట్టఁబడి యుండుటచేత నచ్చట వ్రాఁతతోఁ బని లేకయే వ్యవస్థ నడచుచున్నది. ప్రక్కనే యంగళ్లు వెలయును. 1940 వ సంవత్సరమున జోడేఘాటునఁ గుమ్రం భీము చంపఁబడిన పిమ్మట, గోండుల స్థితిగతులను బరిశీలింప వచ్చిన హైమెన్‌డార్ఫు పండితుని ప్రేరణచే నా దశకముననే యీ జాతరలో దర్బారు మొదలయ్యెను. జనము కూడిన చోటికే యధికారులు వచ్చి మొఱలు వినుట దీని పద్ధతి. పట్టణములలో శాల కట్టి జనమును రప్పించుటకంటె నిది సులువైన యుపాయమని యొప్పుకొనక తప్పదు.

ఇఁక దూరదేశపు బేరమునకుఁ బూర్వోదాహరణము కోనసముద్రము. ఇది నిర్మలకు దక్షిణమున, గోదావరి కావలిదిక్కున నున్న గ్రామము. లాంబ్టను నడపిన మహాత్రికోణ భూమాపనశాఖలో వైద్యుఁడును, భూతత్త్వజ్ఞుఁడును నైన హెన్రీ వాయిసీ యిచ్చటి యుక్కుపనిని జూచి వ్రాసిన వృత్తాంత మతని మరణానంతరము 1832 వ సంవత్సరమున బెంగాలు ఏషియాటికు సంఘపు పత్రికలో వెలువడినది. రెండు తావుల యినుమును గలిపి మూసలలోఁ గరఁగించి యుక్కు దీయుచుండిరి. దానిని గొనుటకుఁ బారసీక వర్తకులు కొలిమియున్న యూరికే వచ్చుచుండిరి. డమాస్కసు కత్తులకుఁ బేరువచ్చినది యిట్టి యుక్కువలననే. ఈ బేరమున మధ్యవర్తి లేఁడు, తీర్పరి లేఁడు. కొనువాఁడే పరీక్షకుఁడు, అతని సంతృప్తియే పతకము.

1851 వ సంవత్సరము మే 1 వ తేదీన లండను హైడుపార్కులో నారంభమైన మహాప్రదర్శనముతో మఱియొక పద్ధతి ప్రవేశించెను. జోసెఫ్ పాక్‌స్టను కట్టిన గాజుమేడలో లక్షకుఁ బైఁబడిన వస్తువు లుంచఁబడెను. అక్టోబరు 15 వఱకు నఱువదిలక్షలకుఁ బైఁగా జనము చూచిరి. లయన్ ప్లేఫేర్ వస్తువులను ముడిసరకులు, యంత్రములు, తయారైన సరకులు, శిల్పములు అని నాలుగుగా విభజించి, వాని క్రింద ముప్పది తరగతు లేర్పఱచెను. హిందూదేశపు భాగమును దీర్చినది ఈస్టిండియా కంపెనీ, అందు ముఖ్యముగా డాక్టరు ఫోర్బ్సు రాయిలు. నైజాము రాజ్యమునుండి బీదరు పనియు, వరంగల్లు తివాచీలును బోయినవి. చూచినవారు మెచ్చిరి. కాని పట్టికలలోఁ జేసినవారి పేళ్లు మిక్కిలి యరుదు. వస్తువు కంపెనీదిగానో, సంస్థానముదిగానో, ఊరిదిగానో చూపఁబడెను. ఈ మెప్పు మరల వరంగల్లు మగ్గమును జేరుటకు దారి లేకపోయెను. తివాచీలకు గిరాకి పెరిగినమాట నిజమే. ఆ గిరాకిని దీర్చినవి చాలవఱకు జైళ్లలో నేయించిన చౌక సరకులు. 1880 వ సంవత్సరమునఁ బ్రకటించిన తన గ్రంథమున జార్జి బర్డ్‌వుడ్ దీనినే తీవ్రముగా నిరసించెను. ప్రదర్శనమును నడపినవారికి మాత్రము రమారమి లక్షయెనుబదియాఱువేల పౌనులు మిగిలినవి. దానితో దక్షిణ కెన్సింగ్టనున భూమి కొని వస్తుశాలలు స్థాపించిరి.

మదరాసున 1855, 1857 సంవత్సరములలో జరిగిన ప్రదర్శనములు లండను పద్ధతినే చిన్నదిగాఁ జేసినవి. తరగతులు, తీర్పరుల సంఘములు, అచ్చువేసిన తీర్పులు నుండెను.

1902 వ సంవత్సరము డిసెంబరులో ఢిల్లీ దర్బారు సందర్భమునఁ గర్జను ప్రభువు ఖుద్సియాబాగున దెఱచిన శిల్పప్రదర్శనము వేఱు తెఱఁగుది. దీని నాయకుఁడు జార్జి వాట్టు, సహాయుఁడు పెర్సీ బ్రౌను. వీరు వస్తువులు తమంతఁ దాము వచ్చునని కూర్చుండక దేశమంతయుఁ దిరిగి యేఱికొనిరి. ఐరోపా పోకడల వస్తువులకుఁ జోటు లేదని నియమము చేసిరి. అమ్మకపు వస్తువులను, ఎరవుతెచ్చిన ప్రాచీన వస్తువులను వేఱువేఱు మందిరములం దుంచిరి. పనివారిని రప్పించి చూపరులయెదుటఁ బని చేయించిరి. ఈ కడపటి యేర్పాటువలన వస్తువు ప్రక్కకు మనిషి తిరిగివచ్చెను. ఐనను ఏది స్వదేశీయమో, ఏది పరకీయమో నిర్ణయించినవాఁడు దొరయే గాని పనివాఁడు గాఁడు.

జాతీయోద్యమమువారు 1901 వ సంవత్సరమునుండి కాంగ్రెసు సభలతోఁ బాటు పారిశ్రామిక ప్రదర్శనములు జరుపసాగిరి. 1923 వ సంవత్సరమునఁ గాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమునఁ బదునాలుగేండ్ల బాలిక యొకతె కావలి యుండెను. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాలు నెహ్రూ నామె లోనికిఁ బోనీయలేదు. కార్యకర్తలు కోపించినను, టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే పోనిచ్చెను. ఆమె తరువాతఁ బ్రసిద్ధికెక్కిన దుర్గాబాయి దేశ్‌ముఖు. ఈ కథను ధైర్యమునకు నిదర్శనముగాఁ జెప్పుట వాడుక. ప్రదర్శనశాలల నిర్వాహకులకు మాత్ర మిది ద్వారపాలనమునకుఁ దగిన పాఠము.

హైదరాబాదున 1938 వ సంవత్సరమున ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు బాగెఆములో “నుమాయిష్ మస్నూఆతె ముల్కీ” అను పేర స్వదేశ వస్తుప్రదర్శనము నెలకొల్పిరి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని బ్రారంభించెను. రాజ్యపు టార్థికస్థితిని బరిశీలించుటకు ధనము కూర్చుట దీని యుద్దేశము. రెండున్నర రూపాయల మూలధనముతో మొదలైనదని ప్రతీతి. “ముల్కీ” యన్న మాటయే దీని హద్దు. రాజ్యమునఁ బుట్టిన సరకునకే చోటు. నిర్మల కొయ్యబొమ్మలకును, ఎలగందులనుండి కరీంనగరమునకు వచ్చి స్థిరపడిన వెండి తీఁగపనికిని దగిన తావిది. వెండిని వెండ్రుకవలె సన్నముగా లాగి, రెండు పోఁగులను మెలివెట్టి, చట్రములలోఁ బూలుగాఁ దీర్చి, టంకముతో నతికి అత్తరుదానులు, పాన్‌దానులు చేయు నీ పనివారికిఁ బల్లెటంగడిలో గిరాకి యెట్లు కుదురును? ధనికులు కూడు నగరపు సంత వారికి భూషణము గాదు, జీవనాధారము.

1946 వ సంవత్సరమున దివాను సర్ మీర్జా ఇస్మాయిలు మొజంజాహి మార్కెటు సమీపపు మైదానము నిప్పించెను. 1947, 1948 సంవత్సరములలోఁ బ్రదర్శనము జరుగలేదు. 1949 వ సంవత్సరమున గవర్నరు జనరలు రాజగోపాలాచారి దీనిని మరలఁ బ్రారంభించెను. అఖిలభారత పారిశ్రామిక ప్రదర్శన మని పేరు మాఱెను. మాఱినది పేరొక్కటియే కాదు. ముల్కీ యను హద్దు పోఁగానే కాశ్మీరు శాలువలు, లక్నో కుట్టుపని, దూరపు కార్ఖానాల సరకులు వచ్చి చేరినవి. చూపరులకు లాభమే; స్థానికుఁడైన పనివాఁడు మాత్రము తన యూరి రాజధానిలోనే పెద్దవర్తకులతోఁ బోటీ పడవలసివచ్చెను. జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వఱకు నలువదియాఱు దినములు నడచుట దీనికి వాడుకయైనది. నడపు సంఘము రాఁబడితో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నికు మొదలగు విద్యాసంస్థలను బోషించుచున్నది. ఆర్థిక పరిశీలనమునకై పుట్టినది విద్యాదానమునకుఁ దిరిగినది.

కరీంనగరపు తీఁగపనికి 2007 వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించెను. దీనితో నూరి పేరు చీటిమీఁదఁ జట్టబద్ధముగా నిలిచెను. చేసినవాని పేరు వ్రాయుట యింకను నమ్మువాని యిచ్చకే విడువఁబడినది.

2019 వ సంవత్సరము జనవరి 30 వ తేదీ రాత్రి మైదానమున నగ్ని రేఁగి పెక్కు అంగళ్లు కాలిపోయెను. ప్రాణనష్టము లేదు, సరకు పోఁగొట్టుకొన్నవా రనేకులు. పిదప నగ్నిరక్షణమునకు మున్నుకంటె గట్టి యేర్పాట్లు గావింపఁబడెను. 2021 లో మహమ్మారివలనఁ బ్రదర్శనము జరుగలేదు. 2022 లో జనవరి మొదటఁ దెఱచిన శాల కొలఁది దినములలోనే మూయఁబడి, దూరమునుండి సరకు దెచ్చి యంగళ్లు తీర్చినవారు గిరాకి లేక వేచియుండిన పిమ్మట, ఫిబ్రవరి నెలాఖరున మరలఁ దెఱవఁబడెను.