బేరియాట్రిక్ శస్త్రచికిత్స: తొలి వారాలు

స్థూలకాయానికి చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని దాదాపు 75–80 శాతం తొలగిస్తారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వాసులకు ఈ చికిత్స దొరికే దగ్గరి పెద్ద నగరం విశాఖపట్నం. ఇంటికొచ్చాక సర్జన్ దూరమవుతాడు కనుక ప్రమాద సూచనలు ఇంటిల్లిపాదికీ తెలియాలి: తగ్గని గుండెదడ, జ్వరం, పెరిగే కడుపునొప్పి, ఆయాసం, పిక్కలో వాపు. జీర్ణాశయపు కుట్ల దగ్గర లీకైతే మొదట గుండె వేగమే పెరగవచ్చు. వీటిలో ఏది రాత్రిపూట కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తొలి రెండు వారాలు సాధారణంగా ద్రవాలే. వడకట్టిన పెసరకట్టు, పలుచని మజ్జిగ, డాక్టరు చెప్పిన ప్రోటీన్ పొడి. చోడి అంబలి మంచిదే కానీ మాంసకృత్తులు తక్కువ. రోజుకు కనీసం కావలసిన 60 గ్రాములు దానితో రావు. ఆ తర్వాత మెత్తని ఆహారం, వారాలు గడిచాకే మామూలు అన్నం. నీళ్లు గుటక గుటకగా రోజంతా తాగాలి, ఎండాకాలం మరీను. వాంతులు ఆగకపోతే థయమిన్ (విటమిన్ బి1) లోపించి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు.

నొప్పికన్నా తినమనే చుట్టాల బలవంతమే కొందరికి కష్టం. కొసరి వడ్డించడం మన దగ్గర ఆప్యాయత. ఈ వారాల్లో అదే హాని. దిగులు కమ్ముకోవడమూ మామూలే, దాన్నీ డాక్టరుకు చెప్పాలి. మూడో నెల నుంచి జుట్టు రాలినా సాధారణంగా తిరిగి వస్తుంది.