జకాత్‌ను ఫోన్‌లో పంపుతున్నారా? ఈ విషయాలు తెలుసుకోండి

అప్పులు పోను నిసాబ్‌కు సరిపడా సంపద ఒక చాంద్రమాన ఏడాది పాటు ఉన్న ముస్లిం అందులో 2.5 శాతం జకాత్‌గా ఇవ్వాలి. నిసాబ్ అంటే 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ అని మన దేశంలో ఎక్కువమంది ఉలమా చెబుతారు. చేతిలో రూ.4 లక్షలు మిగిలితే జకాత్ రూ.10 వేలు.

ఎవరికి ఇవ్వాలి?

ఖురాన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలను చెప్పింది. ఫకీర్లు, మిస్కీన్లతో పాటు అప్పుల్లో కూరుకుపోయినవారూ అందులో ఉన్నారు. కవిటి, సోంపేట లాంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు వైద్యానికి అప్పులపాలైన ముస్లిం కుటుంబం ఉంటే ఈ వర్గం కిందికే వస్తుంది. తల్లిదండ్రులకు, పిల్లలకు జకాత్ చెల్లదు. పేద అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఇవ్వొచ్చు. ముస్లిమేతర పొరుగువారికి సదఖా ఇవ్వొచ్చు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చినప్పటిలాంటి కష్టంలో ఈ తేడా తెలిసుంటే ఏ సొమ్ము ఎవరికన్న అయోమయం ఉండదు.

యూపీఐతో చెల్లుతుందా?

హనఫీ ఫిఖ్హ్‌లో తమ్లీక్ ముఖ్యం, అంటే సొమ్ము పేదవాడి సొంతం కావాలి. అతని ఖాతాలో జమ అయితే ఆ షరతు తీరినట్టే. సంస్థకు పంపితే అది మీ తరఫు వకీల్ మాత్రమే, పేదవాడికి చేర్చాకే బాధ్యత తీరుతుంది. అందుకే పంపేటప్పుడు 'జకాత్' అని రాయండి, రసీదు అడగండి. హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ 1992 నుంచి చదువు, సాయం పనులు చేస్తోంది. ఐరాస శరణార్థుల సంస్థ 2019లో జకాత్ నిధినే ప్రారంభించింది.

ఉపాధికి ఎలా?

కుట్టుమిషన్, తోపుడుబండి కొని పూర్తిగా అతని పేరున ఇచ్చేస్తే జకాత్ అవుతుంది. తిరిగి కట్టమంటే అది ఖర్జ్, జకాత్ కాదు.

జాగ్రత్తలు

ఖాతాకు లోన్ కిస్తీ ముడిపడి ఉంటే జమైన సొమ్ము అందులోకే పోవచ్చు, ముందే కనుక్కోండి. జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్రతో తీసుకోవచ్చు, అయితే ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని లేదని వాళ్లకు చెప్పండి. తీసుకున్నవారి ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి. లెక్కలో సందేహం వస్తే మీ మసీదు ఇమామ్‌నో, ముఫ్తీనో అడగండి.